కొండ అంచు ఊళ్ళలో వేసవి మంటలు: శివరాత్రి నుంచి తొలకరి దాకా ఏ పని ఎప్పుడు, ఎలా

నల్లమల అంచున గిద్దలూరు, అర్ధవీడు, దోర్నాల వైపు నుంచీ, వెలిగొండ పాదాన చంద్రశేఖరపురం, సీతారామపురం, ఉదయగిరి వైపు నుంచీ ఏటా మాఘమాసం దాటగానే ఇవే ప్రశ్నలు. ఫైర్ లైను, అంటే మంట దాటకుండా గడ్డి తీసి మన్ను తేల్చే పట్టీ, ఎంత వెడల్పు తీయాలి? ఏ రోజు జాగ్రత్తగా ఉండాలి? కొండ మీద పొగ లేస్తే ముందు ఎవరికి చెప్పాలి, మనం పోవాలా వద్దా? వాటికి వరసగా జవాబులు ఇక్కడ ఉన్నాయి.

అడవి లోపలి పని అటవీశాఖది. ఇందులో రాసిందంతా హద్దుకు ఇవతల ఉన్న మీ పొలం, ఇల్లు, దొడ్డి, ఊరు కోసం.

1. ఎండల లెక్క వేరు, మంటల లెక్క వేరు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అందరికీ తెలుసు. అందుకే మే నెల వస్తే చూద్దాంలే అనుకుంటారు. అడవి మంటలకు ఆ లెక్క పనికిరాదు.

నల్లమల, వెలిగొండ ఆకు రాల్చే అడవులు. టేకు, నారేపి లాంటి చెట్లు సంక్రాంతి దాటాక ఆకు రాలుస్తూ పోతాయి. ఈశాన్య రుతుపవనాల వానకు ఏపుగా పెరిగిన బోదగడ్డి అప్పటికే ఎండుముఖం పట్టి ఉంటుంది. అంటే ఫిబ్రవరి నడిమికల్లా కింద ఎండుటాకు, పైన ఎండుగడ్డి సిద్ధం. మామిడి జల్లులు పడేది ఏప్రిల్, మే నెలల్లో. ఈ రెంటికీ నడుమ, ఒక్క చుక్క కూడా పడని కాలమే అసలు ముప్పు.

అందుచేత పనులు ఈ వరసలో పెట్టుకోండి:

- సంక్రాంతి నుంచి ఫిబ్రవరి మొదటి వారం: హద్దు తిరిగి చూడటం, గడ్డి కోయడం. అప్పటికి గడ్డిలో ఇంకా కాస్త పచ్చి ఉంటుంది, కొడవలికి తేలిగ్గా తెగుతుంది.
- శివరాత్రి లోపు: ఫైర్ లైను పూర్తి, డ్రమ్ములు నింపడం, ఫోన్ నంబర్ల జాబితా.
- ఉగాది దాకా పది రోజులకోసారి: లైను మీద రాలిన ఆకు ఊడ్చడం.
- ఉగాది నుంచి మే నెలాఖరు: కాపలా, నీళ్ళు. ఈదురుగాలుల మీద కన్ను.

జామాయిల్, సుబాబుల్ తోటలున్నవాళ్ళు ఫిబ్రవరి మొదటి వారం గడువుకు ఇంకో పది రోజుల ముందే పని ముగించుకోండి. జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది. బెరడు పేలికలుగా వేలాడుతుంది. మంట దాన్ని పట్టుకుని పైకి పోతుంది.

2. ఆ రోజు వాతావరణం ఎలా చదవాలి

ఎక్కువమంది ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తారు. మన వైపు మార్చి నుంచి ఎటూ 35 డిగ్రీల పైనే ఉంటుంది కాబట్టి ఆ అంకె పెద్దగా ఏమీ చెప్పదు. చూడాల్సినవి నాలుగు.

*వాన పడి ఎన్ని రోజులైంది?* 5 మిల్లీమీటర్ల లోపు జల్లుకు పై ఆకు తడుస్తుంది. మర్నాటి ఎండకే ఆరిపోతుంది. అలాంటి జల్లు చూసి కాపలా ఎత్తేయొద్దు. నేల కూడా తడిసి, ఆకు పొర కిందిదాకా నానితేనే కొన్నాళ్ళు ఊరట.

*మధ్యాహ్నం గాలిలో తేమ ఎంత?* ఉదయం 7 గంటలకు 70 శాతం ఉన్న తేమ మధ్యాహ్నం 2 గంటలకు 20కి పడిపోవచ్చు. కాబట్టి 2, 3 గంటల నడుమ అంకె చూడండి. 30 శాతం కిందికి వస్తే జాగ్రత్త. 20 కిందికి వస్తే ఆ రోజు పొలంలో అగ్గిపుల్ల గీయొద్దు. తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. రచ్చబండ దగ్గర నీడలో ఒకటి తగిలించుకుంటే ఊరంతటికీ పనికొస్తుంది. ఎండలో పెడితే తప్పు చూపిస్తుంది.

*గాలి ఎంత?* మీటరు లేకపోయినా చెట్టు చెబుతుంది. ఆకులు ఆగకుండా కదులుతుంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి. దుమ్ము, కాగితాలు లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 20 నుంచి 28. చిన్న చెట్లు నిలువునా ఊగుతుంటే 30కి అటూ ఇటూ. 30 డిగ్రీల పైన వేడి, 30 శాతం లోపు తేమ, 30 కిలోమీటర్ల పైన గాలి, ఈ మూడూ ఒకే రోజు కలిస్తే మంటను చేతి పనిముట్లతో ఆపలేరు. మొదటిది మనకు రోజూ ఉండేదే. మిగతా రెండింటినీ చూసుకోవాలి.

*గడ్డి ఎలా ఉంది?* అగ్గిపుల్లంత లావు గడ్డి కాడ తీసుకుని వంచండి. వంగి విరగకపోతే ఇంకా తేమ ఉంది. టప్పున విరిగితే సిద్ధంగా ఉన్నట్టు. ఆకు పొరలో చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి నలపండి. అడుగాకు కూడా పొడి అయిపోతే మంట ఆగే చోటు లేదు. పెన్సిలు కన్నా సన్నని ఎండు సరుకు గంటలోనే గాలిలో తేమను బట్టి మారిపోతుంది. అందుకే పొద్దున మెత్తగా ఉన్న గడ్డి మధ్యాహ్నానికి అంటుకుంటుంది.

ఇక గాలి దిక్కు. దీనికి మీ ఊరు ఎక్కడుందో తెలియాలి, ఎందుకంటే అన్ని ఊళ్ళకూ ఒకే గాలి ప్రమాదం కాదు.

వెలిగొండకు తూర్పు పాదాన ఉన్న ఉదయగిరి, సీతారామపురం వైపు ఊళ్ళకు కొండ పడమట ఉంటుంది. పడమటి గాలి వీచిన రోజు కొండ మంట ఊరి మీదికి వస్తుంది. వడగాలి రోజులంటే ఇవే. పడమటి గాలి గట్టిగా ఉంటే సముద్రపు గాలి లోపలికి రాలేదు. వేడి తగ్గదు, తేమ పెరగదు. రెండు నష్టాలూ ఒకేసారి.

గిద్దలూరు, కంభం, మార్కాపురం లోయ సంగతి వేరు. పడమట నల్లమల, తూర్పున వెలిగొండ. పడమటి గాలికి నల్లమల మంట, తూర్పు గాలికి వెలిగొండ మంట. ఈ ఊళ్ళవాళ్ళు రెండు హద్దులూ చూసుకోవాల్సిందే.

దీనికి తోడు కొండ సొంత గాలి ఒకటి ఉంటుంది. రాత్రంతా చల్లబడిన గాలి తెల్లవారే దాకా వాలు వెంట కిందికి దిగుతుంది. పొద్దెక్కి వాలు కాగాక, సుమారు 9, 10 గంటల నుంచి, అదే గాలి పైకి ఎక్కుతుంది. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా పడమటి ముఖం వాలు నిప్పుల గుండం. ప్రశాంతంగా ఉన్న ఉదయం చిన్న మంట చూసి ‘అదే ఆరిపోతుందిలే’ అని వదిలేసినవాళ్ళు దెబ్బ తినేది ఈ గంటల్లోనే.

సాయంత్రం సముద్రపు గాలి అందే చోట ఇంకో చిక్కుంది. పడమటి గాలికి తూర్పుగా పోతున్న మంట, తూర్పు గాలి తగలగానే వెనక్కి తిరుగుతుంది. అప్పటిదాకా వెనుక అంచుగా ఉన్నది ముందు అంచు అవుతుంది. అక్కడ నిలబడి కొడుతున్న మనుషుల సంగతి ఆలోచించండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో మబ్బు పట్టినా సంతోషపడొద్దు. వానకు ముందు వచ్చే ఈదురుగాలి ఏ దిక్కు నుంచైనా కొడుతుంది. మబ్బు ఉత్త గాలితో పోయి వాన పడకపోతే ఆరిందనుకున్న మంట మళ్ళీ లేస్తుంది.

రోజూ చూడాల్సినవి, ఐదు నిమిషాల పని:

- విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే వడగాలుల హెచ్చరికలో మీ మండలం ఉందా
- మధ్యాహ్నం తేమ, గాలి దిక్కు
- గడ్డి కాడ పరీక్ష
- ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వారి వన్ అగ్ని పోర్టల్‌లో మీ జిల్లాలో మంటలు చూపే చుక్కలు

చివరిదానికి ఎవరైనా ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఉపగ్రహం మంట గుర్తిస్తే ఫోన్‌కు సందేశం వస్తుంది. అయితే ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే పైనుంచి పోతుంది, సందేశం ఆలస్యంగా అందొచ్చు. కొండ మీద కన్నున్న మేకల కాపరి దానికన్నా ముందే చెబుతాడు.

3. హద్దు తిరిగి చూడటం

సెల్‌ఫోన్, పసుపు గుడ్డ పీలికలు పట్టుకుని ఇద్దరు నడవండి. వీటిని గుర్తు పెట్టండి:

- అడవి గడ్డి నేరుగా పొలం గట్టుకు కలిసే చోట్లు
- చిల్లకంప కంచెలు. ఎండిన కంప కంచె మంటను ఒక పొలం నుంచి ఇంకో పొలానికి మోసుకుపోతుంది.
- గడ్డి తాకేంత కిందికి వాలిన కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె చుట్టూ పెరిగిన కసువు
- ఎండు వాగులు, కాలిబాటలు, బండిదారులు, ఉత్త రాతి నేల. ఇవి మీకు ఉచితంగా దొరికిన ఫైర్ లైన్లు.
- ట్రాక్టర్ నీళ్ళ ట్యాంకరు తిరగగల చోటు

వాలిన తీగల గురించి 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. దిమ్మె చుట్టూ గడ్డి కోసే ముందు లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించుకోవాలి. పక్కన నిలబడి కొడవలి ఆడించడం వద్దు.

4. ఫైర్ లైను: కొలత, వరస, తప్పులు

ఫైర్ లైను అంటే గడ్డి కోసిన దారి కాదు. మన్ను కనబడాలి. కోసిన మోడు రెండంగుళాలు మిగిలినా సన్నటి మంట దాని మీదుగా నడిచి వస్తుంది.

*కొలత.* చదునులో, మోకాలెత్తు గడ్డి ఉన్న చోట 3 మీటర్లు గీకిన నేల, దానికి అడవి వైపు ఇంకో 3 మీటర్లు గడ్డిని పొట్టిగా కోసిన పట్టీ. నడుమెత్తు బోదగడ్డి అయితే గీకిన పట్టీ 5, 6 మీటర్లు చేయండి. మీ పొలం వాలుకు పైన ఉండి అడవి కింద ఉంటే ఇంకా వెడల్పు కావాలి. వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేసరికి పైకెక్కే మంట వేగం సుమారు రెట్టింపు అవుతుంది.

రిజర్వు అడవి హద్దు రాయి దాటి ఒక్క పార వేటు కూడా వేయొద్దు. హద్దు దాటి పని కావాలంటే బీట్ ఆఫీసరును అడగండి. ఫిబ్రవరిలో శాఖ వాళ్ళ లైన్ల పని కూడా నడుస్తుంటుంది. రెండూ ఒకచోట కలిసేలా మాట్లాడుకుంటే ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది.

*వరస:*

1. పొడుగు గడ్డి, పొదలు కొడవలి, మచ్చుకత్తితో కోయండి. కోసినదాన్ని లైను పక్కన కుప్ప వేయకుండా పశువులకో, ఎరువు గుంతకో తరలించండి.
2. లైను మీదికి వాలిన కొమ్మలను నేల నుంచి తలెత్తు దాకా నరకండి, మీ వైపువి మాత్రమే.
3. ట్రాక్టరుతో దున్నండి. 5 అడుగుల రోటావేటరైతే 3 మీటర్లకు రెండు సాళ్ళు.
4. వారం ఆగి, దున్నినప్పుడు పైకి తేలిన గడ్డి ఎండాక దంతెతో లాగేయండి, లేదా గుంటక తోలండి.
5. ట్రాక్టరు పోని రాళ్ళ చోట పారతో గీకండి.
6. వాలుకు అడ్డంగా పోయే లైనుకు కింది అంచున జానెడు లోతు కాలువ తీసి, ఆ మన్ను కాలువకు కింది వైపే గట్టుగా వేయండి. పైనుంచి దొర్లే నిప్పు కట్టె అందులో ఆగుతుంది.

*ఎక్కువగా జరిగే తప్పులు:*

- రోటావేటరు తోలి పని అయిపోయిందనుకోవడం. అది గడ్డిని మన్నుతో కలుపుతుందే గానీ తీసేయదు. 4వ మెట్టు వదిలిన లైను సగం లైనే.
- ఫిబ్రవరిలో వేసి మళ్ళీ చూడకపోవడం. టేకు చెట్ల పక్కన రెండు వారాల్లోనే లైను మళ్ళీ ఆకుతో కప్పుకుంటుంది. అటవీశాఖ లీఫ్ బ్లోయర్లు వాడేది ఇందుకే. మీకు చీపురు, దంతె చాలు.
- రెండు పొలాల నడుమ పది గజాలు ఎవరికి వారు వదిలేయడం. మంట వచ్చేది ఆ సందులోంచే.
- కొండ నడుమ వాలులో లైను పెట్టడం. వీలైతే శిఖరం అంచున, లేదా వాలు చదునుతో కలిసే పాదం దగ్గర పెట్టండి.
- గడ్డి తగలబెట్టి లైను చేయడం. దీన్ని గట్టిగా వద్దంటున్నాం. మార్చిలో హద్దు మంటల్లో ఎన్నో ఇలా ‘జాగ్రత్త కోసం’ వేసినవే.

చట్టం సంగతి కూడా ఇక్కడే. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 20వ సెక్షన్ కింద రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. అభయారణ్యంలో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ కూడా తోడవుతుంది. పొలంలో వేసిన మంట గాలికి అటు పోయిందంటే కేసు నుంచి తప్పించుకోవడం కష్టం.

కంది కట్టె, పత్తి మోళ్ళు, మొక్కజొన్న చొప్ప తగలబెట్టే బదులు రోటరీ ష్రెడ్డరుతో ముక్కలు చేసి దున్నేయండి. ష్రెడ్డరు దొరక్కపోతే కట్టెను ఇంటికి చేర్చండి, లేదా హద్దుకు దూరంగా పొలం నడుమ కుప్పగా పోసి తొలకరి దాకా ఉంచండి.

5. ఇల్లు, వామి, దొడ్డి, కల్లం

అడవి మంట ఇంటిదాకా మంటగా వచ్చేది తక్కువ. నిప్పురవ్వగా వస్తుంది. గాలికి ఎగిరిన రవ్వ తాటాకు కప్పులోనో, రేకుల సందులో చేరిన ఎండుటాకులోనో పడి నిదానంగా రాజుకుంటుంది. అందుకే పని ఇంటి పైకప్పు నుంచి మొదలుపెట్టాలి.

- రేకుల సందులు, మిద్దె మీద తూములు: ఆకు తీసేయండి.
- పూరిల్లు, బోద కప్పు: చూరు అంచున పెద్ద నీళ్ళ కుండ, చెంబు, నిచ్చెన. ముప్పు రోజుల్లో సాయంత్రం కప్పు అంచులు తడపండి.
- గోడకు ఆనించిన కట్టెలు, కంప, పాత గోనెలు: ఇంటికి 10 మీటర్ల దూరం జరపండి.
- గ్యాస్ సిలిండరు చుట్టూ కసువు ఉండకూడదు.

గడ్డివామి ఇంటికి, కొట్టానికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ కింద, తీగల కింద అసలు వేయొద్దు. చుట్టూ 5 మీటర్లు మన్ను కనబడేలా గీకండి. ఒక్క పెద్ద వామి బదులు ఎడంగా రెండు చిన్నవి వేస్తే, ఒకటి పోయినా పశువులకు రెండోది మిగులుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే వానకు పనికొస్తుంది గానీ రవ్వ పడితే కరిగి అంటుకుంటుంది. మార్చిలో పట్టా అవసరం లేదు, తీసేయండి.

మేకల, గొర్రెల దొడ్డికి చాలా చోట్ల కంప దడి, ఒకటే తడిక. మంట ఆ తడిక వైపు నుంచి వస్తే మంద మొత్తం లోపలే. ఎదురు వైపున ఇంకో తడిక పెట్టండి. తాళం, గట్టి ముడి వద్దు, ఒక్క లాగుడుకు ఊడాలి. పశువులను పలుపుతో కట్టేసేవాళ్ళు కొట్టం దూలానికి కొడవలి గుచ్చి ఉంచుకోండి.

మిరప కల్లాలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లోనే ఉంటాయి. కాయ ఎండినకొద్దీ ఖరీదూ పెరుగుతుంది, మండే గుణమూ పెరుగుతుంది. కల్లం దున్నిన చేను నడుమ పెట్టండి, గడ్డి గట్టు పక్కన కాదు. కాపలా మనిషి బీడీ, వంట పొయ్యి కల్లానికి గాలి వాటున కిందివైపు ఉండాలి. పొగాకు బ్యారన్ల దగ్గర పొయ్యి బూడిద అదే రోజు బయట పోయొద్దు. గుంతలో పోసి నీళ్ళు చల్లి, కట్టెతో కలిపి, మళ్ళీ చల్లండి.

బత్తాయి, మామిడి తోటల్లో చెట్టు మొదలు చుట్టూ ఎండుటాకు లాగేయండి. డ్రిప్పు పైపులు గడ్డిలో ఉంటే చిన్న మంటకే కరిగిపోతాయి. ఆ నష్టం కూడా లెక్కలో పెట్టుకోండి.

6. నీళ్ళు, పనిముట్లు, మనుషులు

బోరు ఉంది కదా అని ధీమా వద్దు. మంట తీగల దగ్గరికి వస్తే సరఫరా ఆపేస్తారు. వ్యవసాయ కరెంటు రోజంతా ఉండదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అవుతుంది. నీళ్ళు ముందే నిలవ ఉండాలి.

హద్దు పక్క ప్రతి పొలానికి 200 లీటర్ల డ్రమ్ములు రెండు, పైన మూత, పక్కన బకెట్లు, నాలుగు గోనె సంచులు. ఊరికి 4,000 లీటర్ల ట్యాంకరు ఒకటి నింపి, ట్రాక్టరుకు తగిలించి ఉంచండి. ట్రాక్టరు తాళం ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలియాలి.

వీపు మీద మోసే 16 లీటర్ల స్ప్రేయరు పది నిమిషాలు వస్తుంది. మంట మీద చల్లి వృథా చేయొద్దు, అడుగున కాలే గడ్డికి కొట్టండి. ట్యాంకు నీళ్ళలో పాత్రలు తోమే ద్రవం సబ్బు రెండు, మూడు చెంచాలు కలిపితే ఆకు పొరలోకీ పేడలోకీ నీళ్ళు బాగా ఇంకుతాయి. పురుగుమందు కొట్టిన పంపును మూడుసార్లు కడిగాకే ఇందుకు వాడండి.

పనిముట్లు ఒక్కచోట ఉండాలి: పారలు, దంతెలు, మచ్చుకత్తులు, గొడ్డలి, టార్చిలైట్లు, ఈల. పచ్చి కొమ్మల రొట్ట అప్పటికప్పుడు కొట్టుకోవచ్చు. కానుగ, వేప బాగుంటాయి.

బట్టలు నూలువి, పొడుగు చేతులవి. నైలాన్, పాలియెస్టర్ వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. కాళ్ళకు తోలు బూట్లు. రబ్బరు చెప్పులతో వచ్చినవాణ్ణి ట్యాంకరు దగ్గరే ఆపేయండి. ముఖానికి పొడి నూలు తువ్వాలు కట్టుకోవాలి. తడి తువ్వాలు మంట దగ్గర ఆవిరి పుట్టించి ముఖాన్ని కాలుస్తుంది. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు.

మనుషుల విభజన: ఒకరు ఎత్తున నిలబడి మంటనూ గాలినీ చూస్తూ ఈల వేయాలి, ఇంకే పనీ చేయకూడదు. ఒకరు ఫోన్ మీద. సిగ్నలు లేని ఊళ్ళలో సిగ్నలు దొరికే గట్టు ఏదో ముందే ఖాయం చేసుకోండి. ఒకరు ట్యాంకరు, తాగునీళ్ళు. మిగతావాళ్ళు జట్లుగా, ఒంటరిగా ఎవరూ వద్దు. ఎండలో ఈ పని చేసే మనిషికి గంటకు దాదాపు లీటరు నీళ్ళు కావాలి. మజ్జిగ, ఓఆర్‌ఎస్ పాకెట్లు పెట్టుకోండి.

7. అడవిలోకి పోయేవాళ్ళకు

మన అడవుల్లో పిడుగు వల్ల అంటుకునేది బహు తక్కువ. మనిషి చేతి మంటలే ఎక్కువ. చేసేవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉండదు, అదే ఇబ్బంది.

ఇప్పపువ్వు ఏరేటప్పుడు చెట్టు కింద ఆకు తగలబెట్టే బదులు ఊడ్చి, పాత చీరో, వలో పరవండి. పువ్వుకు మసి అంటదు, ధర తగ్గదు. తేనె తీసే పొగ దివిటీని దిగాక మన్నులో కుక్కి, పైన నీళ్ళు పోసి, చల్లబడ్డాకే కదలండి. కొత్త చిగురు కోసం గడ్డి కాల్చే కాపరులకు ఒక మాట: చిగురు వచ్చేది వేర్లలో తేమ ఉంటేనే. మార్చిలో కాలిస్తే ఉన్న ఎండుమేత కూడా పోయి తొలకరి దాకా మంద ఆకలితో ఉంటుంది.

శ్రీశైలం నడకదారిలో, భైరవకోన లాంటి చోట్ల వంట చేసుకునేవాళ్ళు ఇసుక వాగులోనో, ఉత్త బండ మీదో మూడు రాళ్ళు పెట్టుకోండి. అది కూడా అనుమతి ఉన్న చోటే. పొయ్యిలో వేలు పెట్టి చూడగలిగేంత చల్లబడితేనే ఆరినట్టు.

8. పొగ కనబడింది: మొదటి అరగంట

1. ఫోన్: బీట్ ఆఫీసరు లేదా రేంజి ఆఫీసు, ఆ తర్వాత అగ్నిమాపక కేంద్రం 101, ఏ నంబరూ కలవకపోతే 112. చెప్పాల్సింది నాలుగే ముక్కలు: కొండ పేరు లేదా దగ్గరి గుర్తు, గాలి దిక్కు, మంట దేన్ని పట్టింది (గడ్డా, చెట్లా), ఊరికి ఎంత దూరం. వాట్సాప్‌లో లొకేషన్ పెట్టండి.
2. మైకులో ఊరికి చెప్పండి. ముసలివాళ్ళు, పిల్లలు, బాలింతలు ఉన్న ఇళ్ళకు మనిషిని పంపండి.
3. మందలను దున్నిన పొలాల వైపు తోలండి.
4. ఎత్తు మీద మనిషిని నిలబెట్టండి. వెనక్కి పోయే దారులు రెండు చూసుకోండి. పూర్తిగా కాలిపోయిన నల్ల నేల, దున్నిన చేను, చెరువు గర్భం మంచి ఆశ్రయాలు.
5. అప్పుడు మాత్రమే మంట దగ్గరికి.

టైగర్ రిజర్వు లోపలి మంటకు సొంతంగా పోకూడదు. సిబ్బంది పిలిస్తే వాళ్ళ వెంటే.

పోవచ్చా, వద్దా అన్నదానికి కొలత మంట ఎత్తు. నడుమెత్తు లోపు మంటను రొట్టతో, పారతో కొట్టవచ్చు. 4 అడుగులు దాటితే దాని ముందుకు పోవద్దు. లైను దగ్గరికి వెనక్కి వచ్చి, దాన్ని తడిపి, దాటే రవ్వలను ఆర్పండి.

కొట్టే పద్ధతి: మంట వెనుక అంచు నుంచి మొదలుపెట్టి, కాలిపోయిన నేల మీద నిలబడి, రెండు పక్క అంచులను నొక్కుకుంటూ ముందుకు. రొట్టను ఎత్తి బాదితే రవ్వలు ఎగిరి వెనక కొత్త మంట పుడుతుంది. నేలకు అదిమి, కాలిన వైపుకు ఊడ్చినట్టు లాగాలి. పార మన్నును అడుగున కొట్టాలి. ఇద్దరి నడుమ 3 మీటర్ల ఎడం ఉండాలి.

ఇవి ఎప్పుడూ వద్దు:

- వాలు మీద మంటకు పైన నిలబడటం
- ఇరుకు వాగుల్లో, కోనల్లో దిగడం. అక్కడ గాలి పొగగొట్టంలోలాగా పైకి లాగుతుంది.
- వెదురు పొదల దగ్గర నిలబడటం. కణుపుల్లో గాలి వేడెక్కి టపాకాయల్లా పేలి నిప్పు విసురుతుంది.
- వచ్చే మంటను ఆపడానికి దానికి ఎదురుగా మనమే మంట పెట్టడం. అది శిక్షణ ఉన్న సిబ్బంది పని. గాలి మారితే మధ్యలో చిక్కేది మీరే.
- పొద్దు గూకాక కొండ మీద కొట్టడం. దొర్లే రాళ్ళు కనబడవు. పారిపోతున్న పాములు కూడా.

ఎత్తు మీది మనిషి మూడు ఈలలు వేస్తే వాదన లేదు, పనిముట్లు వదిలేసైనా వెనక్కి.

ఊరు ఖాళీ చేయాల్సి వస్తే పొగ దట్టమయ్యేదాకా ఆగొద్దు. ఆధార్, పాసుపుస్తకాలు, మందులు ఒక్క సంచిలో ముందే ఉండాలి. కిటికీలు, తలుపులు మూసి, గ్యాస్ కట్టేసి, పశువుల తాళ్ళు విప్పేసి వెళ్ళండి.

9. మంట ఆరింది అనుకున్నాక

ఎక్కువ చోట్ల రెండోసారి అంటుకునేది మర్నాడు మధ్యాహ్నం, గాలి లేచాక. కాలిన అంచు నుంచి లోపలికి 15 మీటర్ల దాకా ప్రతి పొగనూ వెతకాలి.

దగ్గరగా చూడాల్సింది ఎండు పేడను. పైన బూడిద రంగులో చల్లగా కనబడుతుంది. కట్టెతో రెండుగా చీలిస్తే లోపల ఎర్రగా కుములుతుంటుంది. గాలికి దొర్లి లైను దాటిందంటే మళ్ళీ మొదలు. చెదలు తిన్న మొద్దులు కూడా ఇలాంటివే. నిప్పు బోలులోంచి వేరులోకి దిగి, రోజుల తరబడి మంట లేకుండా కాలి, పది అడుగుల అవతల నేలలోంచి పొగగా లేస్తుంది.

- అరచేతి వెనుక భాగం దగ్గరగా పెట్టి వేడి చూడండి. వేలు పెట్టి గుచ్చొద్దు.
- వేడిగా ఉంటే పారతో చీల్చి, సబ్బు నీళ్ళు పోసి, మన్నుతో కలిపి, మళ్ళీ పోయండి. ఉత్త మన్ను కప్పి వదిలేస్తే లోపల కుములుతూనే ఉంటుంది.
- కాలుతున్న నిలువు చెట్టు కింద నిలబడొద్దు. మొదలు తినేసి ఉంటుంది.
- ఆ రాత్రి ఇద్దరు కాపలా. మర్నాడు తెల్లవారుజామున పొగ చూడండి, గాలి లేని ఆ వేళలో సన్నటి పొగ కూడా నిట్టనిలువుగా కనబడుతుంది. మళ్ళీ మధ్యాహ్నం 2 గంటలకు చూడండి. ఇలా మూడు రోజులు.

10. కాలితే, వడదెబ్బ తగిలితే

కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్ళు పారించండి. ఐసు వద్దు. పసుపు, ఇంకు, టూత్‌పేస్టు ఏదీ పూయొద్దు. అతుక్కున్న బట్ట లాగొద్దు. ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసేయండి. శుభ్రమైన నూలు గుడ్డ వదులుగా కప్పి 108. ముఖం కాలినా, గొంతు బొంగురుపోయినా, దగ్గులో మసి పడినా పొగ లోపలికి పోయిందని అర్థం. పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి పంపాల్సిందే.

మనిషి తడబడుతూ మాట్లాడితే, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. 108 వచ్చేదాకా తడపడం ఆపొద్దు.

కాలిన పశువులకు 1962. బండి వచ్చేలోగా నీడలో కట్టి, పుండ్ల మీద చల్లటి నీళ్ళు పోసి, తాగడానికి నీళ్ళు కొద్దికొద్దిగా పెట్టండి. గిట్టలు చూడటం మరచిపోవద్దు. వేడి నేల మీద నడిచిన మేకలకు పైకి ఏమీ కనబడదు, రెండో రోజుకు కుంటుతాయి.